పాల సైకిలుకు విద్యుత్తు తోడు

మా మేనమామగారు తిరుమలగిరిలో పాలు పోగుచేసే పని చేస్తున్నారు. వయస్సు 63 సంవత్సరాలు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, సైకిలుకు రెండు ప్రక్కలా 20 లీటర్ల క్యాన్లు తగిలించుకొని, తొండ, తాటిపాముల దారులలో ఇంటింటా ఆగుతారు. ఒకరింట లీటరు, మరొకరింట రెండు లీటర్లు కొలిపించుకొని, ఎనిమిది గంటల లోపల పాలకేంద్రానికి చేరుస్తారు. రోజుకు 25 కిలోమీటర్ల త్రొక్కుడు. ముప్పయి ఏండ్లుగా సైకిలు ఒక్కటే. నల్లరంగు, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనుక ఇనుప క్యారియరు. మన పల్లెలలో ఇట్టి సైకిలును ఎరుగని ఇల్లు లేదు.

రెండేండ్ల క్రిందట ఆయనకు మోకాళ్ళ నొప్పి ఆరంభమైనది. హైదరాబాదులో ఉన్న కొడుకులు సైకిలు అమ్మి ఇంటిపట్టున ఉండమన్నారు. అత్తమ్మ మాట కూడా అదే. నేను వెళ్ళినప్పుడు, “మామా, ఇంక చాలించరాదా?” అని అడిగాను. ఆయన చెప్పిన జవాబు నన్ను ఆలోచింపజేసినది.

“తొక్కుడు కష్టం లేదు అల్లుడా. కట్ట ఎక్కుడు కాడ దిగి నూకుడే పాణం తీస్తున్నది. నేను బంజేస్తే ఆ లీటరు పాల ఇండ్లకాడికి ఎవడు వోతడు?”

ఆ ప్రశ్న చిన్నది కాదు. పాల వ్యాను ఊరి నడుమ ఒక్కచోట ఆగి పోతుంది. ఒక్క గేదెతో బ్రతుకు వెళ్ళదీసే ఇళ్ళు ఊరి చివరనో, బావుల దగ్గరనో ఉంటాయి. ఆ ఇళ్ళలో ఇప్పుడు మిగిలినవారు చాలావరకు వృద్ధులు. లీటరు పాలు పట్టుకొని వారు కిలోమీటరు నడవలేరు. మామ సైకిలు ఆగితే వారి చేతికి వచ్చే రోజు రాబడి కూడా ఆగుతుంది. ఈ కారణం చేతనే ఆ సైకిలుకు విద్యుత్ మోటారు అమర్చే ప్రయత్నానికి పూనుకున్నాము. అందులో నేర్చుకొన్న సంగతులను శ్రోతలకు మనవి చేస్తాను.

మొదట లెక్క చూడాలి. ఒక కిలో బరువును సెకనుకు పది సెంటీమీటర్ల చొప్పున పైకెత్తడానికి కావలసిన శక్తి సుమారు ఒక వాటు. ఆరోగ్యవంతుడైన మనిషి గంటల తరబడి అలసిపోకుండా ఇవ్వగల శక్తి 75 వాట్లు. మామ బరువు 60 కిలోలు, సైకిలు 22, నిండిన క్యాన్లు 50. మొత్తం 132 కిలోలు. చదును దారిలో 75 వాట్లతో ఈ బరువు గంటకు 12, 13 కిలోమీటర్ల వేగంతో సాగిపోతుంది. కాని మా ప్రాంతం చదును కాదు. బండనేల, మెల్లగా ఎక్కడం, దిగడం, చెరువు కట్టమీదికి పోవడం. నూరు అడుగులకు మూడడుగులు ఎత్తు పెరిగే చోట అదే 75 వాట్లతో వచ్చే వేగం గంటకు 5 కిలోమీటర్లు. అది మనిషి నడక వేగమే. అంత మెల్లగా పోతే బరువు సైకిలు నిలువదు, ప్రక్కకు వాలుతుంది. అందువల్లనే పాలవాడు కట్ట దగ్గర దిగి నెట్టుతాడు. మోకాలికి దెబ్బ తగిలేది అక్కడ.

మోటారు బరువును కూడా కలిపి 140 కిలోలనుకొంటే, అదే ఎక్కుడును గంటకు 12 కిలోమీటర్లతో ఎక్కడానికి సుమారు 205 వాట్లు కావాలి. మనిషి 75 ఇస్తే, మిగిలినది 130 వాట్లు. అంటే కావలసినది పెద్ద యంత్రం కాదు, చిన్న తోడు మాత్రమే.

ఆ తోడును ఎక్కడ పెట్టాలన్నది రెండవ ప్రశ్న. ఇందుకు రెండు మార్గాలున్నవి. ఒకటి, మోటారును చక్రపు హబ్బులోనే ఇమిడ్చడం. రెండవది, పెడళ్ళ ఇరుసు దగ్గర అమర్చి, దాని బలాన్ని సైకిలు చైను ద్వారానే వెనుక చక్రానికి పంపడం. దీనిని మిడ్‌డ్రైవ్ మోటారు అంటున్నారు. ఈ రెండు ఆలోచనలు క్రొత్తవి కావు. 1895లో అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన వెనుక హబ్బులో మోటారుగల సైకిలుకు పేటెంటు పొందినాడు. 1897లో అక్కడనే హోసియా లిబ్బీ పెడళ్ళ ఇరుసు దగ్గర మోటారుగల సైకిలుకు పేటెంటు తీసుకొన్నాడు. కాని బ్యాటరీల బరువు వల్ల అవి వ్యాప్తిలోకి రాలేదు. 1993లో జపానులో యామహా కంపెనీ, మనిషి ఎంత బలంగా త్రొక్కుతున్నాడో కనిపెట్టి అంతకు తగిన సాయం అందించే సైకిలును అమ్మకానికి పెట్టిన తరువాతనే ఈ పద్ధతికి దారి ఏర్పడినది.

మేము మొదట హబ్బు మోటారే తెచ్చాము. చవుక అన్నది కారణం. పట్నంలో ఒక దుకాణంవారు దానిని బిగించి ఇచ్చారు. మామ సైకిలు వెనుక రిమ్ముకు 40 చువ్వలు. తెచ్చిన హబ్బుకు 36 రంధ్రాలే. కనుక దుకాణంవారు పాత ఇనుప రిమ్మును తీసివేసి, 36 చువ్వల తేలిక రిమ్ము వేశారు. నెల తిరగకముందే పాలక్యాన్ల బరువుకు చువ్వలు ఒక్కొక్కటే తెగనారంభించినవి. అంతకన్న ముఖ్యమైన లోపం మరొకటి. హబ్బు మోటారు చక్రంతో ముడిపడి తిరుగుతుంది. ఎక్కుడు దగ్గర చక్రం మెల్లగా తిరిగినప్పుడు మోటారు కూడా మెల్లగానే తిరగాలి. అప్పుడు అది తీసుకొనే విద్యుత్తులో ఎక్కువ భాగం పనికి రాకుండా వేడిగా మారిపోతుంది. సాయం ఎక్కువ కావలసిన చోటనే అది తక్కువ ఇచ్చినదన్నమాట. ఒకనాడు కట్టమీద సైకిలు ఆగి, క్యాను ఒరిగి, పదిహేను లీటర్ల పాలు నేలపాలైనవి. ఆ రోజు మామ ఎవరినీ ఏమీ అనలేదు. మరునాడు పాత చక్రాన్ని తానే తిరిగి ఎక్కించుకొని పాలకు పోయినారు.

అప్పుడు తిరుమలగిరిలోనే సైకిళ్ళు బాగుచేసే ఒక మేస్త్రి, “చక్రం జోలికి పోవద్దు, పెడల్ కాడ పెడుదాం” అన్నాడు. ఆయన మాట నిజమైనది. 40 చువ్వల పాత చక్రం అట్లే ఉన్నది. బరువు సైకిలు నడుమకు, నేలకు దగ్గరగా చేరినది. అన్నిటికన్న మేలు, మోటారు వేగాన్ని పళ్ళచక్రాలతో మన అవసరానికి తగినట్లు మార్చుకొనే వీలు కలిగినది.

ఈ చివరి మాటను కొంచెం వివరిస్తాను. మామ సైకిలుకు ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు. ఈ జతతో గంటకు 12 కిలోమీటర్ల వేగంలో పెడళ్ళు నిమిషానికి 37 చుట్లు మాత్రమే తిరుగుతాయి. పెడళ్ళ దగ్గరి మోటారుకు అది చాలా మెల్లని తిరుగుడు, మూలుగుతుంది, వేడెక్కుతుంది. వెనుక 22 పళ్ళ ఫ్రీవీలు వేస్తే అదే వేగానికి 45 చుట్లు వస్తాయి. మోటారుకూ సుఖం, మోకాలికీ సుఖం. చదునున వేగం కొంచెం తగ్గుతుంది. పాలవానికి అది నష్టం కాదు. ఎక్కువ ఖర్చు లేని ఈ చిన్న మార్పును చేయకుండా మోటారును నిందించేవారు చాలామంది ఉన్నారు.

ఇక అమర్చడంలోని జాగ్రత్తలు. మోటారు కొనకముందే పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టాన్ని కొలవాలి. బజారులో సాధారణంగా దొరికే మిడ్‌డ్రైవ్ మోటార్లు 68 నుండి 73 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 33½ మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో దూరుతాయి. పాత సైకిళ్ళలో కొలతలు ఒక్కతీరుగా ఉండవు. తరువాత పాత ఇరుసు తీయడం. కాటర్ పిన్నులు త్రుప్పుపట్టి ఉంటాయి. రాత్రి కిరోసిన్ పోసి ఉంచి తెల్లవారి కొట్టవలసినదే. కుడిప్రక్క గిన్నెకు మర ఎదురు తిరుగుతుంది. మామూలుగా విప్పే దిక్కుకు త్రిప్పితే అది మరింత బిగుస్తుంది. మోటారు బిగించిన తరువాత దానిని ఫ్రేముకు గట్టి పట్టీతో కూడా పట్టించాలి. లేకపోతే ఎక్కుడు దగ్గర మోటారు తన బలానికి తానే తిరిగి, క్రింది గొట్టానికి తాకి, గొట్టాన్ని సొట్టపరుస్తుంది. చైనును కప్పే రేకు తీసివేయక తప్పదు కాబట్టి, పంచె కట్టేవారు అంచు చైనులో పడకుండా చిన్న కవచం చేయించుకోవాలి. చైను, ఫ్రీవీలు ఇక ఇద్దరి బలాన్ని మోస్తాయి. పూర్వం కన్న త్వరగా అరుగుతాయి. నెలకొకసారి చూచి, సాగిన చైనును మార్చుకోవాలి.

బ్రేకుల మాట మరింత ముఖ్యం. కడ్డీ బ్రేకు ఇనుప రిమ్ము లోపలివైపు రబ్బరును ఆనించి ఆపుతుంది. వాన తడిలో దాని పట్టు చాలా తగ్గిపోతుంది. మనిషి కాళ్ళ వేగానికి చేసిన బ్రేకు అది. దానితో మోటారు వేగాన్ని ఆపబోవడం అపాయం. మేము మూడు పనులు చేశాము. క్రొత్త రబ్బర్లు వేయించాము. బ్రేకు పట్టగానే మోటారు ఆగేటట్లు, పిడికి చిన్న అయస్కాంతం, దానికెదురుగా ఒక స్విచ్చి పెట్టించాము. వేగం గంటకు 18 కిలోమీటర్లు దాటకుండా మోటారు అమరికలోనే హద్దు పెట్టాము. కుర్రవాళ్ళు ఈ హద్దును చూచి నవ్వవచ్చు. వెనుక 50 కిలోల పాలు పెట్టుకొని దిగుడులో ఒకసారి పోయిచూస్తే నవ్వు ఆగుతుంది.

బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియరు గంటలది. సీసపు బ్యాటరీ అయితే పన్నెండు కిలోల దాకా తూగుతుంది. లిథియం బ్యాటరీ మూడు కిలోలే. బరువు సైకిలు ఫ్రేము నడుమ విశాలమైన ముక్కోణపు ఖాళీ ఉంటుంది. దాని స్థానం అదే. మామ రోజు ప్రయాణానికి అందులో సగానికి కొంచెం పైన ఖర్చవుతుంది. తిరిగి నింపడానికి అర యూనిట్టు కన్న తక్కువ విద్యుత్తు చాలు. దాని ఛార్జరునే వాడాలి. మన వేసవి ఎండలో బ్యాటరీని వదలరాదు. పండుకొనే గదిలో ఛార్జింగు పెట్టి నిద్రపోరాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, మోటారు శక్తి 250 వాట్ల కన్న తక్కువగా, అత్యధిక వేగం గంటకు 25 కిలోమీటర్ల కన్న తక్కువగా, బ్యాటరీ కాక వాహనం బరువు 60 కిలోలకు మించకుండా, తగిన బ్రేకులు, ముందు తెల్లని, వెనుక ఎర్రని మెరుపు బిళ్ళలు ఉంటే, దానిని మోటారు వాహనంగా లెక్కించరు. రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం లేదు. దుకాణంలో 500, 750 వాట్ల మోటార్లు చూపి ఆశ పెట్టితే లొంగవద్దు. చట్టం ఒకటే కారణం కాదు. ముందు చెప్పిన లెక్క ప్రకారం మనకు కావలసినది 130 వాట్లే. అంతకు ఎన్నోరెట్ల బలాన్ని పాత ఫ్రేము, పాత చైను, కడ్డీ బ్రేకు మోయలేవు.

ఖర్చు మాట దాచను. మోటారు, బ్యాటరీ, మేస్త్రి కూలి అన్నీ కలిపి ఒక పాడిగేదె వెలలో దాదాపు సగం అయినది. రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు తిరిగేవారికి, నూరు కిలోల సరుకు మోసేవారికి మోపెడే మేలు. సైకిలు ఫ్రేము బీటలు వారినా, ఇరుసు గొట్టం త్రుప్పుతిన్నా ఈ పని తలపెట్టరాదు. కాని ఇరవై, ముప్పయి కిలోమీటర్ల లోపల తిరుగుతూ, అడుగడుగునా ఆగుతూ, కాళ్ళలో ఇంకా కొంత సత్తువ ఉన్న మనిషికి మాత్రం ఇది తగిన సాధనం.

పాత నల్లగొండ జిల్లాలో ఇట్టి ఆలోచన వింత కాదు. ఆలేరు దగ్గర షారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు, ఆసు పోసి పోసి తల్లి లక్ష్మిగారి భుజాలు నొప్పులు పుట్టడం చూడలేక ఆసుయంత్రాన్ని నిర్మించారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. నేత పని పోలేదు. నొప్పి మాత్రం తగ్గినది. మన ఊళ్ళ సైకిలు మేస్త్రీలు ఈ విద్య నేర్చుకొంటే పాలవారికి, కూరగాయలవారికి, గీత కార్మికులకు అట్టి మేలే జరుగుతుంది. పట్నం దుకాణం బిగించి పంపిన యంత్రాన్ని పల్లె మేస్త్రి బాగుచేయలేకపోతే, అది ఎంత గొప్పదైనా మూలపడుతుంది.

మొన్న సంక్రాంతికి తిరుమలగిరి వెళ్ళినప్పుడు తెల్లవారుజామున మామ వెంట మరొక సైకిలు మీద బయలుదేరాను. నాది మోటారు లేని మామూలు సైకిలు. చెరువు కట్ట దగ్గర నేను దిగి నెట్టవలసి వచ్చినది. మామ దిగలేదు. కట్టమీద ఆగి నాకోసం చూస్తూ, “జల్ది రా అల్లుడా, ఆ ముసలమ్మ గిన్నె పట్టుకొని నిలవడ్డది” అన్నారు.