వీడియో పాఠాలూ, మన మెడికల్ విద్యార్థులూ

(క్రోసూరులో జరిగిన వార్షిక సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ వేళకి మేము చదువుల పద్దు చదివి వినిపించి కూర్చుంటాము. ఎవరికెంత ఫీజు కట్టాము, ఎవరికే పుస్తకాలు కొన్నాము, అంతే. ఈ ఏడు మాత్రం ఒక దరఖాస్తు దగ్గర మా ఉపసంఘం బండి ఆగిపోయింది. ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదివే మన పిల్ల ఒకతె, పుస్తకాలకు కాదు, పాథాలజీ వీడియో పాఠాల చందాకు సహాయం కావాలని రాసింది. ఆ కాగితం చదవగానే మాలో ఒకరు "కాలేజీలో ప్రొఫెసర్లు లేరా ఏమిటి?" అన్నారు. ఇంకొకరు "ఫోను చూడ్డానికి కూడా సంఘమే డబ్బులివ్వాలా?" అన్నారు. మూడు సమావేశాలు దానికే సరిపోయాయి. చివరికి ఆ పిల్లనీ, ఆమెకు ముందు చదివిన మరి నలుగురినీ పిలిపించి కూర్చోబెట్టి అడిగాము. మాకు తెలిసొచ్చింది మీతో చెప్పాలనే ఈ ప్రయత్నం.

ముందు పాథాలజీ అంటే ఏమిటో చెప్పాలి. మొదటి ఏడు పిల్లలు చదివేది ఆరోగ్యంగా ఉన్న శరీరం గురించి. రెండో ఏడు పాథాలజీ మొదలవుతుంది. జబ్బు ఒంట్లో ఎలా పుట్టింది, ఏ అవయవాన్ని ఏం చేసింది, మైక్రోస్కోపు కింద కణం ఎలా మారిపోయింది అనే శాస్త్రం ఇది. జబ్బు మూలం కణంలో వెతకాలని జర్మనీలో విర్కో అనే డాక్టరు 1858లో పుస్తకం రాసిన తర్వాత ఈ శాస్త్రం ఇప్పటి దారి పట్టింది. ఇది రానివాడికి తర్వాత మెడిసిన్ రాదు, సర్జరీ రాదు. మందు పేరు తెలిసి జబ్బు తెలియని డాక్టరవుతాడు. అలాంటివారు మనకు కొత్తగా అవసరం లేదు గదా!

ఈ సబ్జెక్టుకు ప్రపంచమంతా చదివే పెద్ద పుస్తకం రాబిన్స్. మొదటి ముద్రణ 1957లో వచ్చింది. ఇప్పుడది 1,300 పేజీలు దాటింది. మన పిల్లల్లో కొందరు పదో తరగతి దాకా తెలుగులో చదివినవారు, కొందరు ఉర్దూలో. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవారు లేరు. ఆ పుస్తకంలో ఒక పేరా చదవడానికి నాలుగుసార్లు డిక్షనరీ తీయాలి. క్లాసులో చెప్పేది విందామంటే, రెండువందలమంది కూర్చునే హాలు. అర్థం కాలేదని లేచి అడగడానికి భయం, నలుగురూ నవ్వుతారేమోనని సిగ్గు. "చాచా, వీడియోలో సార్‌ని పదిసార్లు ఆపి మళ్లీ చెప్పించుకుంటాను, ఆయన విసుక్కోడు" అంది ఆ పిల్ల. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆమె అడిగిన పాఠాల పేరు పాథోమా. చెప్పేవారు డాక్టర్ హుసేన్ సత్తార్, చికాగో విశ్వవిద్యాలయంలో పాథాలజీ ఆచార్యులు. వైద్యవిద్య మధ్యలో కొంతకాలం ఆపి, పాకిస్తాన్ వెళ్లి అరబీ, దీనీ తాలీమ్ చదువుకుని మళ్లీ వచ్చి డాక్టరయిన మనిషి. 2011లో ఒక చిన్న పుస్తకం రాసి, దానికి తోడుగా వీడియోలు తయారుచేశారు. 19 అధ్యాయాలు, మొత్తం 35 గంటల పైచిలుకు. తెర మీద సార్ ముఖం కనిపించదట. పుస్తకం పేజీ, ఆయన గొంతు, గీసే గీతలు, అంతే. అమెరికాలో పరీక్షలకు పోయే పిల్లలు చాలామంది వీటిని చూస్తారు, మన దేశపు పిల్లలూ చాలామంది చూస్తున్నారు. మన దేశంలోనే పీజీ ఎంట్రన్సు కోసం తయారైన మారో, ప్రెప్‌లాడర్ లాంటివీ ఉన్నాయి.

ఏముంది అందులో అని అడిగితే ఆ పిల్ల కాగితం మీద రాసి చూపింది. రక్తహీనత సంగతి. కొన్ని రకాల్లో ఎర్రకణం చిన్నదైపోతుంది, కొన్నింటిలో పెద్దదవుతుంది. పుస్తకంలో ఇదంతా పొడుగాటి జాబితా. వీడియోలో సార్ అడుగుతారట: ఎర్రకణంలో నిండేది ఏమిటి? హిమోగ్లోబిన్. అది దేంతో తయారవుతుంది? హీమ్, గ్లోబిన్ కలిసి. హీమ్‌కి ఇనుము కావాలి. ఇనుము లేకపోతే హీమ్ తక్కువ. గ్లోబిన్ తయారీలో పుట్టుకతోనే లోపముంటే అది తలసీమియా. ఎటు తిరిగినా హిమోగ్లోబిన్ తగ్గింది గనక కణం చిన్నదే అవుతుంది. బి12, ఫోలిక్ యాసిడ్ లోపిస్తే కథ వేరు. డీఎన్ఏ తయారీ కుంటుబడుతుంది, కణం సమయానికి విడిపోలేక పెద్దదిగా ఉండిపోతుంది. ఇలా గొలుసు ఒకసారి చేతికి దొరికితే జాబితా బట్టీ పట్టనక్కర్లేదు. ఇంతకీ ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ సంగతి వీడియోలో లేదట, మేమే చెప్పాము.

ఇంతవరకూ విని, మంజూరు చేసేద్దామనుకున్నాము. అప్పుడే మాకు పాఠం చెప్పినవాడు ఇంకొకడు. మూడేళ్ల కిందట పాథాలజీ తప్పిన మన కుర్రాడు. ఎన్ని గంటలైనా వీడియోలు చూసేవాడు, అదీ రెట్టింపు వేగంతో. ప్రశ్న వేస్తే జవాబు నాలుక మీద ఉండేది. క్లాసుకు వెళ్లడం మానేశాడు, ప్రాక్టికల్స్‌కు తోటివాడి రికార్డు చూసి రాసేవాడు. పరీక్షరోజు మైక్రోస్కోపు కింద స్లైడు పెట్టి ఇదేమిటో చెప్పమన్నారు. వీడియోలో బొమ్మ అయితే బాణం గుర్తు వేసి చూపిస్తారు. ఇక్కడ బాణం లేదు. ఎక్కడ చూడాలో తెలియలేదు. పక్కన గాజు సీసాలో అవయవం ముక్క పెడితే అది ఊపిరితిత్తో, కాలేయమో తేల్చుకోలేకపోయాడు. "తప్పు వీడియోది కాదు మామూ, నాది" అని వాడే చెప్పాడు. ఆ నిజాయితీకి మేము సంతోషించాము. ఇంకో మాట చెప్పాలి. వాడికి సీటు వచ్చిననాడు మనమంతా దండలు వేసి ఊరేగించాము. పరీక్ష తప్పిననాడు వాడి గుమ్మం మనలో ఒక్కరం తొక్కలేదు. ఆరు నెలలు ఇంటికి రాకుండా తిరిగాడు పిల్లాడు. 2007 చట్టంతో వచ్చిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ వల్ల సీట్లు వస్తున్నాయని సంతోషిస్తున్నాము. సీటు తర్వాత ఏమవుతోందో అడగడం లేదు.

రెండో సంగతి. ఆ పాఠాలు అమెరికా పరీక్షలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మన వార్డు వేరు. టీబీ గడ్డను కోసి చూస్తే మధ్యలో చచ్చిపోయిన కండ చీజ్‌లా ఉంటుందని ఇంగ్లీషు పుస్తకాల్లో రాస్తారు. మన పిల్లలకు చీజ్ ఎక్కడిది? జున్ను ముక్కలా అని చెబితే జన్మలో మరిచిపోరు. గుంటూరు పెద్దాసుపత్రి లాంటి చోట ఒక్క పూట నిలబడితే టీబీ రోగులు ఎంతమంది కనిపిస్తారో చదువుకునే పిల్లలకు తెలుసు. ఇక ఫ్లోరైడు. బావినీళ్లలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు పాడవుతాయని 1937లోనే అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుంచి డాక్టర్లు లోకానికి చెప్పారు. మన పల్నాట్లో దాన్ని ఎరగనివారు లేరు. గారపట్టిన పళ్లు, వంగని నడుము. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అది మించితే ఫ్లోరైడు ఎముక ఖనిజంలో చేరుతుంది, ఎముక చిక్కబడుతుంది, కీళ్ల చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లు కూడా గట్టిపడిపోతాయి. చికాగో పాఠంలో మన బావినీళ్లకు చోటెంత ఉంటుంది? దీన్ని ఇక్కడి ప్రొఫెసరే చెప్పాలి, ఇక్కడి రోగినే చూసి నేర్వాలి. రాజీగారి పేరు చెప్పుకుని మనం మురిసిపోతుంటాము. మశూచి, తట్టు రెండూ వేరని వెయ్యేళ్లకు పైబడి కిందట ఆయన విడదీసి రాసింది రోగుల మంచాల పక్కన కూర్చుని చూశాకనే గదా.

ఇంకొక చిక్కు. "చందా ఎందుకు చాచా, టెలిగ్రామ్‌లో ఊరికే దొరుకుతాయి" అన్నాడు ఒక కుర్రాడు. దొంగ కాపీలన్నమాట. మాలో దీని మీద గట్టి వాదమే జరిగింది. చందా వేలల్లో ఉంటుంది, పేదపిల్లలు ఏం చేస్తారు అన్నవారూ ఉన్నారు. తూకం రాయి తక్కువ పెట్టే కొట్టువాడిని మనం తప్పుపడతాము. ఒక ఉస్తాద్ కష్టాన్ని పైసా ఇవ్వకుండా తీసుకోవడం అంతకంటే మేలైన పని అనిపించుకోదు. పైగా ఆయన చెప్పేది మన పిల్లల బతుకుతెరువు చదువు. అందుకే దొంగ కాపీకి సంఘం సాయం ఉండదని తీర్మానించాము. ఊరికే చూడదగినవీ ఉన్నాయి. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో 1994లో మొదలైన వెబ్‌పాత్‌లో స్లైడ్లు, అవయవాల బొమ్మలు వేలకొద్దీ ఉన్నాయి. బాణం లేకుండా చూసి గుర్తుపట్టడం నేర్వాలంటే అది మంచిదని పిల్లలే చెప్పారు.

కాబట్టి మేము చేసిన నిర్ణయం ఇది. రెండో సంవత్సరం పిల్లలు అడిగితే ఒక ఏడాది చందా సంఘం కడుతుంది. చందాతోపాటు ఒక పాథాలజీ పుస్తకం కూడా ఇస్తాము, అది లేకుండా చందా లేదు. సగం ఏడు గడిచాక కాలేజీ హాజరు కాగితం తెచ్చి చూపాలి. థియరీకి 75, ప్రాక్టికల్స్‌కి 80 శాతం ఉండాలనేది ఎలాగూ ప్రభుత్వ నియమమే. పిల్ల రాత్రి పదకొండింటికి ఫోను పట్టుకుని కూర్చుంటే, అమ్మీలూ అబ్బాలూ, చీవాట్లు పెట్టకముందు "ఏ జబ్బు చదువుతున్నావు బేటీ, నాకూ చెప్పు" అని అడిగి చూడండి. చెప్పగలిగితే చదివినట్టే. చెప్పలేకపోతే అప్పుడు తిట్టుకోండి, మేము అడ్డురాము.

పరీక్ష తప్పిన ఆ కుర్రాడు మళ్లీ రాసి గట్టెక్కాడు, ఇప్పుడు హౌస్ సర్జన్. రంజాన్ సెలవులకు వచ్చినప్పుడు తరావీహ్ అయ్యాక రోజుకో గంట చిన్నవాళ్లకు స్లైడ్ల బొమ్మలు చూపి గుర్తుపట్టిస్తానన్నాడు. గది మస్జిద్ పక్కన సంఘానిదే ఉంది, కరెంటు ఉంది. పాత మైక్రోస్కోపు ఒకటి కావాలి. సత్తెనపల్లిలోనో గుంటూరులోనో ల్యాబు నడిపే బంధువులు ఎవరికైనా ఉంటే, వాడి పక్కన పెట్టిన దాన్ని అడిగి ఇప్పించండి. పాత రాబిన్స్ పుస్తకాలు, ఏ ముద్రణ అయినా సరే, అట్ట ఊడినా సరే, తెచ్చి కోశాధికారిగారికి ఇవ్వండి. దరఖాస్తు ఫారాలు కూడా ఆయన దగ్గరే ఉన్నాయి.

ఖుదా హాఫిజ్.