చెరకు తోటల నడుమ కారు ప్రయాణం

సెలవులకు ఊరు వెళ్ళడమంటే మనలో చాలామందికి వంటిల్లు ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చడమే. ఏమంటారు? దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణించి కారులో షికారు బయలుదేరిన రోజున కూడా నేను తెల్లారకుండానే లేచి పులిహోర కలిపాను.

డర్బన్ నుంచి హిందూ మహాసముద్రం ఒడ్డు వెంబడి ఉత్తరానికి ఎన్-2 అనే పెద్ద రోడ్డు పోతుంది. సెయింట్ లూసియా అనే ఊరు సుమారు 240 కిలోమీటర్లు. మనకు మల్లే అక్కడా ఎడమ పక్కనే నడపాలి కనుక మా కోడలు ధీమాగా స్టీరింగు పట్టుకుంది. అది జూలై నెల. మనకు వానలు, వాళ్ళకు చలికాలం. చలి అన్నమాటే గాని, ఆ తీరాన పగలు స్వెట్టరుతో పనిలేదు. వానలు వాళ్ళకు వేసవిలో పడతాయి. అందుకని చూడబోయేవారు జూన్, జూలై, ఆగస్టు నెలల్లో వెళ్ళడం మంచిది.

కుడివైపు ఉండుండి సముద్రం తొంగిచూస్తుంది. ఎడమవైపు గుట్టల మీద ఎటు చూసినా చెరకే. "ఇది అనకాపల్లి కాదుటే?" అన్నారు మావారు. కోతకు ముందు చెరకు ఆకు తగలబెడతారట. ఆ నుసి గాలికి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద పడుతుందని మా కోడలి గోడు!

40 కిలోమీటర్లు వెళ్ళాక టోంగాట్ అనే ఊళ్ళో పళ్ళకోసం ఆగాం. కొట్టులో ఓ పెద్దావిడ, గౌను వేసుకుని ఉంది. పెరట్లో కరివేపాకు చెట్టు. మా మాటలు విని, మీరు తెలుగువాళ్ళా అని ఇంగ్లీషులో అడిగింది. ఆవిడకు తెలుగులో వచ్చినవల్లా "అమ్మమ్మ", "అన్నం", "రా, కూచో" – అంతే.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 దాకా మనదేశం నుంచి లక్షన్నర మందికి పైగా అలా వెళ్ళారు. వారిలో తెలుగువారు చాలామంది. అయిదేళ్ళ ఒప్పందం. మొదట్లో నెలకు పది షిల్లింగులు జీతం. మనిషికో నంబరు. ఇప్పుడు మనం అందం చూసి మురిసే ఆ చెరకు తోటల్లో పనిచేసింది వాళ్ళే.

ఓడ జాబితాలో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసేవారు. పెద్దావిడ ఓ పాత కాగితం తెచ్చి చూపించింది. వాళ్ళ ముత్తవ్వది కొత్తూరు, వైజాగపటం జిల్లా. "ఏ కొత్తూరో చెప్పగలరా?" అని అడిగింది. ఏం చెప్పను? ఆనాటి విశాఖ జిల్లా అంటే ఇప్పటి ఎన్నో జిల్లాలు. అందులో కొత్తూర్లు ఎన్నో! నాకు నోట మాట రాలేదు. పులిహోర డబ్బా చేతిలో పెట్టాను. ఒక ముద్ద నోట్లో వేసుకుని, "కారం లేదు!" అంది, తెలుగులోనే. అందరం నవ్వాం. పళ్ళకు డబ్బు మాత్రం పుచ్చుకోలేదు.

సెయింట్ లూసియా బాగుంది. 1999లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన ప్రాంతం అది. పడవలో వెళ్ళి నీటిగుర్రాలనూ, మొసళ్ళనూ చూశాం. రాత్రిళ్ళు నీటిగుర్రాలు వీధుల్లోకే వస్తాయి, జాగ్రత్త అని బోర్డులు పెట్టారు. పిల్లలున్నవాళ్ళు చీకటి పడ్డాక బయట తిరక్కండి. నా మనసు మాత్రం టోంగాట్‌లోనే ఉండిపోయింది.

ఆ కాగితంలోని వివరాలు నా నోటుబుక్కులో రాసుకున్నాను. ఉత్తరాంధ్ర వైపు, కొత్తూరు అనే పేరున్న ఊళ్ళ వారెవరైనా ఇది వింటుంటే, మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్కమాట అడగండి. ఓడెక్కి నేటాలు వెళ్ళి తిరిగిరాని ఆడపిల్ల సంగతి ఎవరైనా, ఎప్పుడైనా చెప్పుకోగా విన్నారేమో.