వీపున సంచి, కాళ్లలో ఓపిక

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌ను చూడాలంటే వీపున ఒక సంచి, కాళ్లలో కాస్త ఓపిక ఉంటే చాలు. 1913లో మొదలైన ఇక్కడి భూగర్భ రైలు లాటిన్ అమెరికాలోనే మొదటిది. అదెక్కితే నగరం నడిబొడ్డుకు చేరతాం. రెకొలేటా శ్మశానంలో సమాధులు బుల్లి మేడల్లా వీధులు తీరి ఉంటాయి. అక్కడున్న, ఒకప్పటి దేశాధ్యక్షుడి భార్య ఎవా పెరాన్ సమాధికి జనం ఇప్పటికీ పూలు తెస్తారు. 1919లో కట్టిన ఒక నాటకశాల ఇప్పుడు పుస్తకాల దుకాణం. వేదిక మీదే కూర్చుని కాఫీ తాగవచ్చు. పాతరేవు పక్కన లా బోకా పేటలో రేకుల ఇళ్లకు రంగురంగుల పూతలు. ఆదివారమైతే సాన్ తెల్మోలో పాత వస్తువుల సంత, వీధిలోనే టాంగో నాట్యం. ఒక్క మాట గుర్తుంచుకోండి: డిసెంబరు, జనవరి నెలలు అక్కడ ఎండాకాలం. స్వెటర్లు ఇంట్లోనే వదిలి బయలుదేరండి.