పొట్ట మూసుకోకుండా పుట్టిన బిడ్డ



ఈసారి చదువుల సంగతి గాక ఒక జబ్బు సంగతి మాట్లాడదలచాము. కొందరు బిడ్డలు పొట్ట గోడ పూర్తిగా మూసుకోకుండా, పేగులు బయట కనిపిస్తూ పుడతారు. చూసినవాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడవు. వెంటనే "గ్రహణం నాడు తల్లి ఏం కోసిందో" అని మొదలవుతుంది. ప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పడితే, గ్రహణానికీ మనుషుల చావు పుట్టుకలకూ సంబంధం లేదని ప్రవక్తే చెప్పారు. అది విన్న మనమే కోడలిని నిలబెట్టి అడుగుతామా?

అసలు సంగతి వేరండీ. మొదటి వారాల్లో పిండానికి రెండు బొడ్డు సిరలుంటాయి. కుడిది త్వరలోనే కృశించిపోతుంది. ఎడమది మిగిలి మాయ నుంచి మంచి రక్తం తెస్తుంది. పైన పొర లేకుండా పేగులు బయటపడే లోపాన్ని గాస్ట్రోస్కైసిస్ అంటారు. అందులో రంధ్రం దాదాపు ఎప్పుడూ బొడ్డుకు కుడిపక్కనే ఉంటుంది. కుడి సిర వేళ తప్పి కృశించడమే కారణమని 1980లో ఒక వాదం వచ్చింది. కాదన్న వైద్యులూ ఉన్నారు. ఏది నిజమైనా అందులో తల్లి చేతి కత్తి మాత్రం లేదు.

రెండోది ఓంఫలోసీల్. పేగులు, ఒక్కోసారి కాలేయం కూడా, బొడ్డుతాడు మొదట్లో పలుచని సంచిలోకి వచ్చి ఉంటాయి. కాలేయంతో పాటు దాని సిరలూ చోటు తప్పవచ్చు. బలవంతంగా లోపలికి నెడితే సిర మడతపడి గుండెకు రక్తం సరిగా చేరదు. సర్జన్లే ఒక్కోసారి రోజుల తరబడి మెల్లగా దింపుతారు. దాయమ్మ చేత్తో నెట్టే పని కాదు.

గాస్ట్రోస్కైసిస్‌లో భయమంతా పేగుల సిరలది. ఇరుకు రంధ్రం దగ్గర అవి మెలిపడితే రక్తం వెనక్కి పోలేక పేగు ఉబ్బి నల్లబడుతుంది. గనుక బిడ్డను కుడిపక్కకు పడుకోబెట్టి, పేగులు వేలాడకుండా ఆనించాలి. శుభ్రమైన ప్లాస్టిక్ సంచిని కాళ్ళ నుంచి చంకల దాకా తొడిగి, పైన వెచ్చగా కప్పి, 108కు ఫోను చేయాలి. చెవిలో అజాన్ చెప్పండి, ఎంతసేపు పడుతుంది! తహ్నీక్ మాత్రం ఆపండి. ఖర్జూరమైనా, తేనె అయినా, తల్లిపాలైనా డాక్టరు చెప్పేదాకా నోట్లో వేయకూడదు. నానమ్మలకు ఇది కష్టంగా తోస్తుంది, మాకు తెలుసు.

అయిదో నెలలో చేసే టిఫా స్కానులో ఈ లోపాలు చాలావరకు ముందే కనబడతాయి. అప్పుడు కాన్పు పిల్లల సర్జన్ ఉన్నచోట, హైదరాబాదు నీలోఫర్ వంటి ఆసుపత్రిలో, ఏర్పాటు చేసుకోవచ్చు. మంచి వసతులున్న దేశాల్లో గాస్ట్రోస్కైసిస్ బిడ్డలు పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బతుకుతున్నారు. ఇరవై నిండని తల్లుల బిడ్డల్లో ఇది ఎక్కువ. సంబంధాలు చూసే పెద్దలు వినాలి.

స్కానుకూ, ప్రయాణానికీ డబ్బు లేని ఇంటికి మన సంఘం నిధి నుంచి ఆ రోజే ఇవ్వాలని ఈ సభ ముందు పెడుతున్నాము.