నర్సమ్మ పనికి మార్కులు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఉర్దూ మీడియం పంతులును. మార్కులు వేయడమే నా పని. రోగికి కూడా మార్కులు వేస్తారని మాత్రం, మా భాయిజాన్ హైదరాబాదులో ఒక ఆసుపత్రి ఐ.సి.యు.లో ఉన్నప్పుడే తెలిసింది.

పక్క పడక దగ్గర ఒక నర్సు కదలకుండా ఉన్నది. మా పడకకూ అవతలి పడకకూ కలిపి ఒక్కరే. "వాళ్లకేదో సిఫారసు ఉన్నది" అని లింగాల నుండి పోయిన మేము ఆరుగురం తీర్మానించుకున్నాము. నేనైతే గొంతు పెంచి అడిగాను కూడా. ఆ సిస్టరు కోపపడలేదు. "సార్, వారిది తొంభై దాటింది, మీ అన్నగారిది యాభై లోపే" అని కాగితం చూపింది. అందులో ఇంకో గడి మీద వేలు పెట్టింది: బంధువులతో మాట్లాడడం. ఏమీ అనలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. 1974లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు రోగికి చేసే ఒక్కొక్క చికిత్సకు ఒకటి నుండి నాలుగు మార్కులు పెట్టారు. దాని పేరు టిస్. 1996లో దానిని 28 అంశాలకు కుదించి, ఒక నర్సు ఒక షిఫ్టులో సుమారు 46 మార్కుల పని చేయగలదని లెక్కకట్టారు. కాని రోగి ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, ఇంటివారికి ధైర్యం చెప్పడం చాలావరకు లెక్కకు రాలేదు. ఆ లోటును 2003లో వచ్చిన 'నర్సింగ్ యాక్టివిటీస్ స్కోర్' తీర్చింది. అందులో 100 అంటే రాత్రింబగళ్ళు ప్రతి షిఫ్టులో ఒక నర్సు ఆ ఒక్క రోగికే కావాలి. 50 అయితే ఇద్దరికి ఒకరు.

రోగం ఎంత ప్రమాదమో కొలిచే మార్కులు వేరు, 1981 నాటి అపాచీ వంటివి. రెండూ కలపరాదు. మత్తులో పడి ఉన్న రోగికంటే గొట్టాలు పీక్కునే రోగి నర్సును ఎక్కువ పట్టి ఉంచవచ్చు.

భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో ఐ.సి.యు. పడకకు ఒక నర్సు. కాగితం మీద బాగానే ఉన్నది. అంతమంది లేనప్పుడు, ఉన్న నలుగురిని ఎక్కడ నిలపాలో గొంతు పెద్దగా ఉన్నవాడు కాదు, ఆ లెక్క చెప్పాలి. నర్సులను తగ్గించడానికి అదే కాగితం చూపితే మాత్రం ఒప్పుకోవద్దు.

ఇక ఆ గడి సంగతి. రోగికి, బంధువులకు ధైర్యం చెప్పడానికి గంటసేపు పడితే 4 మార్కులు. మూడు గంటలు, ఆపైన అయితే 32. అంటే దాదాపు మూడో వంతు నర్సు! మేము ఆరుగురం ఒకరి వెనుక ఒకరు పోయి అదే ప్రశ్న అడుగుతూ, భాయిజాన్‌కు అందవలసిన చేతులను మేమే పట్టుకున్నాము. మరునాటి నుండి మా చెల్లెలొక్కతే పొద్దున ఒకసారి పోయి అడిగి వచ్చేది. మిగిలినవాళ్లం మెట్ల మీద కూర్చున్నాము.