ఇంటికి కాపు, కుటుంబమునకు బీమా



నేను విశాఖపట్టణమున ఇల్లు కట్టుకొని నివసించుచున్నవాడను. పుట్టి పెరిగినది మాత్రము అనకాపల్లి ప్రాంతమున ఒక చిన్నపల్లెలో. నా చిన్నతనమున మా ఊర తాటాకు ఇండ్లే హెచ్చు. వేసవిలో ఒక ఇంటికి నిప్పంటుకొనిన యెడల, మరునాడు ఊరివారందరు వచ్చి ఒకరు మోపెడు తాటాకు, ఒకరు నాలుగు వెదుళ్లు, ఒకరు ఒక దూలము ఇచ్చి, వారము తిరుగకమునుపే ఆ ఇంటిని నిలిపెడివారు. ఇచ్చినవాడు దానిని దానమనుకొనలేదు, పుచ్చుకొన్నవాడు అప్పనుకొనలేదు. రేపు తన ఇల్లు కాలిన నాడు తనకును అట్లే వచ్చునని ప్రతివాని నమ్మకము. బీమా అనునది ఇదియే. పదిమంది కొంచెము కొంచెముగా ఇచ్చినదానితో ఒకని నష్టమును పూడ్చుట. ఇది మనకు తెలియని క్రొత్తవిద్య కాదు. 1925లో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీని స్థాపించినప్పుడు తెలుగువారు దానిని తమ సొంత సంస్థగా ఆదరించిరి. 1956 సెప్టెంబరు 1వ తేదిని జీవిత బీమా సంస్థ ఏర్పడి, దేశములోని జీవిత బీమా వ్యాపారమంతయు దాని చేతిలోనికి వచ్చినది.

అయితే ఊరివారి సాయముండగా బీమా ఎందుకని మీరడుగవచ్చును. ఆ సాయము ఒక ఇల్లు కాలినప్పుడు చాలును. ఊరంతయు ఒకేదినమున కూలినప్పుడు ఎవరు ఎవరికి దూలమిత్తురు?

2014 అక్టోబరు 12వ తేది ఆదివారము మధ్యాహ్నపు వేళ హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున తీరము దాటినది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగమున వీచినది. విమానాశ్రయపు కప్పు ఎగిరిపోయినది. కైలాసగిరి మీది చెట్లు, ఊరి వీధులలోని పెద్దచెట్లు వేళ్లతో పెకలి పడినవి. కొన్ని దినములు విద్యుత్తు లేదు, కుళాయిలలో నీరు లేదు, పాలకొరకు జనము బారులు తీరిరి. నేనా దినమున ఇంటనే యుంటిని. ఇంచుమించు ప్రతి ఇంట ఏదో యొకటి పోయినది: ఒకరికి రేకుల కప్పు, ఒకరికి ప్రహరీగోడ, ఒకరికి కిటికీలన్నియు. పొరుగువానికి ఇచ్చుటకు ఎవరియొద్దను మిగులు లేదు. ఇట్టి కష్టమునకు దూరదేశముననున్నవారి రూపాయి కావలెను. ఆ తుపాను తాకని ఊళ్లవారు కట్టిన ప్రీమియము మనకు వచ్చును. వారికి కష్టము వచ్చిన నాడు మనది పోవును. తలకొక మోపు తాటాకే, ఊరి పొలిమేర దాటి దేశమంత విశాలమైనదని తలపవలెను.

ఆనాటి తుపానును గూర్చి ఒక్కమాట చెప్పకుండ ముందునకు పోజాలను, ఏలయనగా అది ప్రాణములకు సంబంధించినది. తుపాను నడిబొడ్డున ‘కన్ను’ అను ప్రశాంత ప్రదేశముండును. అది మన మీదుగా పోవునప్పుడు హోరుగాలి ఉన్నట్లుండి నిలిచిపోవును, ఆకాశము కొంత తేటపడును. తుపాను వెడలిపోయినదని జనము బయటకు వచ్చి, పడిన రేకులను ఏరుకొన మొదలిడుదురు. కొంతసేపటికి గాలి మరల లేచును. ఈ పర్యాయము ఎదురు దిక్కునుండి వచ్చును. మొదటి గాలికి ఒకవైపు వంగి, వేళ్లు సడలిన చెట్లు రెండవ గాలికి కూలును. బీటలు వారిన గోడలు ఒరగును. కాబట్టి గాలి హఠాత్తుగా నిలిచినంతమాత్రమున బయటకు రాకుడని మీ ఊరివారికి చెప్పవలెను. అధికారులు తుపాను దాటినదని ప్రకటించువరకును లోపలనే యుండవలెను. సముద్రపుటొడ్డు గ్రామములవారికి రేవుసూచికలు తెలిసియే యుండును: 1 మొదలు 11 వరకు అంకెలు గలవు, 8, 9, 10 మహాపాయసూచికలు, తుపాను హెచ్చరిక కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినదనుటకు 11వది.

ఇక ఇంటి బీమా. మా వీధిలో ఒక గృహస్థు బ్యాంకులో అప్పుతీసి ఇల్లు కట్టెను. హుద్‌హుద్ గాలికి మేడమీది గది కప్పు ఎగిరిపోయినది. ఆయన చేతిసొమ్ముతో బాగుచేయించుకొనుటకు సిద్ధపడి మేస్త్రీని పిలిపించెను. అప్పుకాగితములను మరియొక పనికై తీసి చూడగా, బ్యాంకువారు ఏటేట ఆయన ఖాతానుండియే ప్రీమియము తీసికొని ఇంటికి బీమా చేయించుచున్నారని తెలిసినది! తాను కట్టుచున్న బీమా తనకే తెలియదు. వెంటనే వ్రాసికొనగా సర్వేయరు వచ్చి చూచెను, సొమ్ము వచ్చెను. కాని అది కట్టడమునకే గాని, లోపల తడిసిన సామానునకు రాలేదు. మీ ఊరిలో ఇంటికై అప్పు తీసికొన్నవారుండిన, ఆ కాగితములను ఒకమారు చదివి చెప్పుడు. మీ చదువునకు ఇంతకన్న మంచి ఉపయోగము కనబడదు.

2021 ఏప్రిలు 1వ తేది మొదలుకొని దేశములోని సాధారణ బీమా కంపెనీలన్నియు ‘భారత్ గృహరక్ష’ అను ఒకే విధమైన పాలసీని ఇండ్లకు ఇయ్యవలెనని బీమా నియంత్రణాధికార సంస్థ విధించినది. నిప్పు, పిడుగు, గాలివాన, తుపాను, వరద, భూకంపము మొదలగువానివలన కలుగు నష్టము అందులో చేరియున్నది. కట్టడమునకు బీమా చేసినవారికి, వేరుగా అడుగకున్నను, ఇంటిసామానునకు కట్టడపు బీమా మొత్తములో నూటికి 20 వంతున, 10 లక్షల రూపాయలకు మించకుండ రక్షణ యుండును. స్థలము వెలను లెక్కింపరు. తిరిగి కట్టుటకగు వ్యయమునే లెక్కింతురు. ఇది న్యాయమే; తుపాను గోడను తీసికొనిపోవును గాని భూమిని తీసికొనిపోదు గదా.

పూర్వపు పాలసీలలో ఒక చిక్కుండెడిది. 10 లక్షల ఇంటికి 5 లక్షలకే బీమా చేసి, 2 లక్షల నష్టము కలిగినచో, సగమే బీమా చేసితివి గావున సగమే ఇత్తుమని 1 లక్ష చేతిలో పెట్టెడివారు. గృహరక్షలో ఈ కోత లేదు. అయినను బీమా మొత్తమునకు మించి రాదు గనుక, తక్కువ వ్రాసికొనుట లాభము కాదు. అద్దెయింటివారును, ఉక్కునగరములోవలె కంపెనీ ఇండ్లలో నుండు ఉద్యోగులును కట్టడమునకు బీమా చేయనక్కరలేదు, సామానునకు చేసికొనవచ్చును. నష్టము కలిగిన పిమ్మట శిథిలములను ఎత్తివేయకముందే పటములు తీయించి, కంపెనీకి వెంటనే వార్త పంపవలెను. శుభ్రముగా ఊడ్చి పెట్టిన ఇంటిలో సర్వేయరునకు కనబడునది ఏమి?

సొత్తు అనగా ఇల్లే కాదు. 2023 నవంబరు 19వ తేది రాత్రి విశాఖపట్టణపు చేపలరేవులో నిప్పు పుట్టినది. మరపడవలు ఒకదాని నొకటి ఒరసికొని కట్టియుండెను. వానిలో వేటకై నింపిన డీసెలు, వంటకై పెట్టుకొనిన గ్యాసుబండలు. మంట ఒకదానినుండి యొకదానికి ప్రాకి, బండలు ప్రేలి, సుమారు 40 పడవలు దగ్ధమైనవి. పెక్కింటికి బీమా లేకుండెను. ప్రభుత్వము పడవ వెలలో నూటికి 80 వంతులు పరిహారముగా ప్రకటించినది, అది దయ. దయ వచ్చినప్పుడు సంతోషింపవలసినదే, కాని దానిని అడుగు హక్కు మనకు లేదు. పాలసీ చేతనున్నవాడు అడుగునది తన హక్కును. ఆ రెంటికిని గల భేదము, మరపడవ కాలి తెల్లవారి గట్టుమీద నిలిచినవానికి తెలియును.

గ్యాసుబండ యనగా గుర్తునకు వచ్చినది. వంటగ్యాసు గాలికన్న బరువైనది. కారినప్పుడు నేలబారుగా ప్రాకి మూలలలో నిలుచును. వాసన తగిలినప్పుడు దీపపు మీటను వేయరాదు, వేసియున్నదానిని ఆర్పనుగూడ రాదు. రెండింటను నిప్పురవ్వ పుట్టును. రెగ్యులేటరును కట్టి, తలుపులు, కిటికీలు తెరచి, బయటికి వచ్చి 1906 అను సంఖ్యకు ఫోను చేయవలెను. రబ్బరు గొట్టమును ఐదేండ్లకొకమారైనను మార్చవలెను. గ్యాసు ప్రమాదమున మరణించినవానికి 6 లక్షల రూపాయల వరకు, నమోదైన ఇంటికి నష్టము కలిగిన 2 లక్షల వరకు నూనెకంపెనీలు తమ ఖర్చుతోనే బీమా చేసియున్నవి. ప్రమాదము జరిగిన వెంటనే గ్యాసు పంపిణీదారునికి వ్రాతమూలకముగా తెలుపవలెను. ఈ సంగతి తెలియక ఊరకున్న కుటుంబములు అనేకములు.

2020 మే 7వ తేది తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది ప్రాణములు గొన్నది. అదియు గాలికన్న బరువైనదే. నిద్రలేచి పరుగెత్తినవారు వీధులలో కూలిరి. అట్టి వేళ గాలి వీచు వైపునకు పరుగెత్తిన ఆవిరి మనలను వెంబడించును. గాలికి అడ్డముగా పోయి మెరకనెక్కవలెను, ముక్కునకు తడిగుడ్డ పట్టవలెను. కర్మాగారముల ప్రక్క ఊళ్లవారు తెలిసికొనవలసిన చట్టమొకటి కలదు. భోపాలు దుర్ఘటన తరువాత 1991లో వచ్చిన ప్రజాబాధ్యతా బీమా చట్టము. విషపదార్థములతో పనిచేయు కర్మాగారమువలన బయటివారికి హాని కలిగినచో, ఎవరి తప్పో రుజువు చేయనక్కరలేకుండ తక్షణ పరిహారము కోరి ఐదేండ్లలోపల కలెక్టరునకు అర్జీ పెట్టుకొనవచ్చును.

ఇప్పుడు ప్రాణములకు చేయు బీమా. 2015లో కేంద్రప్రభుత్వము రెండు పథకములు పెట్టినది. సురక్షా బీమాకు ఏటికి 20 రూపాయలు. 18 మొదలు 70 ఏండ్ల వయస్సువారికి. ప్రమాదమున మరణించినను, రెండు కన్నులో రెండు చేతులో పోయినను 2 లక్షలు; ఒక కన్నో ఒక చేయో పోయిన 1 లక్ష. జీవనజ్యోతికి ఏటికి 436 రూపాయలు. 50 ఏండ్లలోపల చేరవలెను. ఏ కారణమున మరణించినను 2 లక్షలు. క్రొత్తగా చేరినవారికి మొదటి 30 దినములలో ప్రమాదమరణమునకు మాత్రమే చెల్లును.

ఇందు పల్లెపెద్దల చేతిలోని పని యొకటి గలదు. పాముకాటు, తాటిచెట్టునుండి పడుట, చెరువులో మునుగుట, ఇవన్నియు ప్రమాదములే. కాని మన ఊళ్లలో ఏమి జరుగును? పాము కరచినవానిని మంత్రగానియొద్దకు కొనిపోవుదురు, చనిపోయిన తెల్లవారకముందే దహనము చేయుదురు. తరువాత ఆ ఇల్లాలు బ్యాంకునకు పోయిన, అతడు పాముకాటునకే చచ్చెనని చూపుటకు ఒక్క కాగితమును ఉండదు. పాముకాటునకు, చెట్టునుండి పడుటకు వెంటనే చేర్చిన ఆసుపత్రివారి చీటీ కావలెను. దారిప్రమాదమునకు, నీట మునుగుటకు పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. శవపరీక్ష యనిన మనవారు శరీరమును కోయుదురని వెనుదీయుదురు. ఆ బాధ నాకు తెలియును. అయినను ఆ సమయమున ఊర మాట చెల్లునది మీది. ముందు ఆసుపత్రికి పదుడు అని మీరన్నచో, బ్రతికిన బ్రతుకును; బ్రతుకని యెడల, పిల్లలకు 2 లక్షలు మిగులును.

నామినీ సంగతి మరియొకటి. పెండ్లికి ముందు పాలసీ తీసికొన్న యువకుడు తల్లిపేరు వ్రాయును. పెండ్లియగును, బిడ్డలు కలుగుదురు, తల్లి గతించును. పాలసీలో ఆమె పేరే నిలిచియుండును. అతడు పోయిన పిమ్మట భార్య వారసత్వపు పత్రమునకై కార్యాలయముల చుట్టు నెలల తరబడి తిరుగవలసివచ్చును. ఉక్కుకర్మాగారమున పనిచేసినవాని ఇంట నేను కన్నులార చూచిన సంగతి యిది. నామినీని మార్చుట ఒక కాగితముతో తీరు పని. దరఖాస్తును ఏజెంటే నింపినను, సంతకమునకు ముందు చదివించుకొని వినవలెను. రోగమును దాచి వ్రాసిన యెడల మూడేండ్లలోపల కంపెనీ పాలసీని త్రోసివేయవచ్చును. మూడేండ్లు నిండిన జీవిత బీమా పాలసీని ఏ కారణముచేతను ప్రశ్నింపరాదని 2015లో సవరించిన 45వ విభాగము చెప్పుచున్నది. న్యాయమైన క్లెయిమును కంపెనీ నిరాకరించినచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌నకు వ్రాసికొనవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

చివరగా ఒక తేది. పై రెండు పథకములకును సంవత్సరము జూను 1న మొదలై మే 31న ముగియును. బ్యాంకువారు మే నెల చివరి వారమున ఖాతానుండి సొమ్ము తీసికొందురు. ఆనాడు ఖాతాలో రెంటికిని కలిపి 456 రూపాయలు లేనియెడల బీమా చడిచప్పుడు లేకుండ ఆగిపోవును. ఎవరును వచ్చి చెప్పరు. మే 20వ తేది ప్రాంతమున మీ వీధివారి పాసుపుస్తకములు తెప్పించి చూడుడు. ఎవరైన ఇటీవల చనిపోయిన ఇంట పాతపుస్తకమునుగూడ తిరగవేయుడు. 436 అను అంకె ఒక వరుసలో కనబడవచ్చును.