ఒత్తు తప్పిన మాటలు

క్రొత్తయిల్లు కట్టినవారు కొందరు మమ్ము 'గ్రహప్రవేశము'నకు సకుటుంబముగా రమ్మని పిలుచుచుందురు. అది అంగారకుడో శనియో తెలిపినచో ప్రయాణసన్నాహము చేసికొందుము! గృహమునకు వట్రుసుడి, గ్రహమునకు క్రావడి. చెవికి రెండును ఇంచుమించు ఒకటే గనుక చేయి తడబడును. వైద్యశాలల పలకలపై 'శాస్త్రచికిత్స' కనబడుటయు కలదు. శస్త్రమనగా కత్తి. దీర్ఘమిచ్చినచో వైద్యుని చేతిలోని కత్తి పోయి గ్రంథము వచ్చును. రోగికి కొంత ధైర్యము కలుగునేమో.

నవ్వి ఊరకుండరాని తప్పులును ఉన్నవి. అర్థమనగా ధనము, భావము, ప్రయోజనము, అర్ధమనగా సగము. థకారమునకు కడుపులో చుక్క కలదు, ధకారమునకు లేదు, తక్కిన రూపమొక్కటే. 'నా యాస్తిలో అర్ధభాగము చిన్నవానికి' అని తండ్రి వ్రాయింపగా, లేఖకుడు చుక్క పెట్టి 'అర్థభాగము' చేసెననుకొందము. ధనములో భాగమని తేలును గాని ఎంత భాగమో తేలదు. అన్నదమ్ములకు న్యాయస్థానపు దారి చూపుటకు ఆ చుక్క చాలును. ఆ 'ఆస్తి'ని 'ఆస్థి' అని వ్రాయువారు మరియు నెక్కువ. అస్థి యనగా ఎముక!

ఇది కేవలము అశ్రద్ధ యని మేమనము. చిన్నయసూరి తెనుగునకు చెప్పిన వర్ణములు 36. వానిలో ఒత్తక్షరములు లేవు, శకార షకారములును లేవు. అవి సంస్కృతపదములతో వచ్చిన చుట్టములు. కథను 'కధ' యని పలుకు నాలుక చేతికి సరియైన సాక్ష్య మెట్లు చెప్పగలదు? ఒత్తు ఉండవలెనని గుర్తుండి, ఎచ్చటనో మరచుటచేత బాధ 'భాద' యైనది, సంబంధము 'సంభందము' అయినది. నేడు ఆంగ్లాక్షరములు నొక్కి చేతిఫోనులో తెలుగు రప్పించుకొనువారు, అది చూపిన మాటలలో మొదటిదానిని తాకి సాగిపోవుచున్నారు.

తల్లి బిడ్డకు వ్రాసిన జాబులో 'భాద' యున్నచో దిద్దబూనుట మోటుతనము. ఆ బాధ బిడ్డకు తెలియకపోదు. దస్తావేజు, పాఠ్యపుస్తకము, మందుచీటి మాటయో? అచ్చట మేము ఒక్క చుక్కనైనను విడువము.

రేడియోలో ప్రసంగించువారి కొక సౌకర్యము కలదు: వ్రాతప్రతిలోని ఒత్తులు శ్రోతలకు కనబడవు. ఇది అచ్చునకు పోవుచున్నది గనుక, థకారపు చుక్కలు లెక్కపెట్టుకొమ్మని అచ్చుకూటమువారిని వేడుకొంటిమి.